ఊదే ఎలక్ట్రానిక్ వాయిద్యం: లోపలి టోన్లు చాలా, బయట మాడ్యూల్ కావాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరులో ఎనిమిదేళ్లుగా పెళ్లిళ్లకు శాక్సోఫోన్ వాయిస్తున్నావు, ఇప్పుడు ఎలక్ట్రానిక్ విండ్ వాయిద్యం ఒకటి తీసుకోవాలనుకుంటున్నావు, 70 వేల దాకా పెట్టగలవు. టోన్లు, అంటే పలికే ధ్వనులు, లోపలే ఉన్నది కొనాలా, లేక టోన్లు లేని కంట్రోలర్ (ఊపిరినీ వేళ్ల కదలికనూ సంకేతాలుగా పంపేది మాత్రమే) కొంచెం తక్కువలో తీసుకుని మిగిలిన డబ్బు బయటి సౌండ్ మాడ్యూల్ (ఆ సంకేతాలు అందుకుని శబ్దం పలికించే విడి పెట్టె) మీద పెట్టాలా అన్నది నీ సందేహం. మీ అక్క వీణ వాయిస్తుందనీ, తనకు పనికొచ్చేది ఏదైనా ఉందా అనీ చివర్లో అడిగావు. నేను తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఆర్కెస్ట్రాలో కీబోర్డు, తర్వాత పూర్తిగా విండ్ కంట్రోలర్. రెండు పద్ధతులూ వాడాను, ఈ రోజుకీ రెండూ వాడుతున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు జవాబు చెప్పేస్తాను. లోపల టోన్లు ఉన్నదే కొను, కానీ దానికి మిడి అవుట్ (వాయిద్యాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే మిడి పద్ధతికి బయటి దారి) ఉండి తీరాలి. మాడ్యూల్ సంగతి ఒక ఏడాది తర్వాత ఆలోచించు.

ఎందుకంటే, షాపులో అందరూ అడిగే మొదటి మాట "ఎన్ని టోన్లున్నాయి?" అని. రెండు వందలున్నాయని చెబితే సంతోషం. కానీ నువ్వే ఆలోచించు, ఒక పెళ్లిలో ఉదయం నుంచి రాత్రి దాకా ఎన్ని టోన్లు వాడతావు? నేనైతే నాలుగు, మహా అయితే ఐదు. యమహా వైడీఎస్-150 అని డిజిటల్ శాక్సోఫోన్ ఒకటుంది, దాంట్లో 73 టోన్లుంటే అందులో 56 శాక్సోఫోన్‌వే. దాన్ని తయారుచేసినవాళ్లకు తెలుసు, ఊదేవాడికి కావలసింది వంద రకాల వాయిద్యాలు కాదు, ఒకే వాయిద్యం తన ఊపిరికి సరిగ్గా పలకడం అని. మనం అడగాల్సింది కూడా ఊపిరి మారినప్పుడు ఆ టోన్‌కు ఏమవుతుంది అనే.

నీ శాక్సోఫోన్‌లో ఒక స్వరం మెల్లగా ఊది, అదే స్వరాన్ని క్రమంగా గట్టిగా ఊదు. శబ్దం పెరగడమే కాదు, దాని రంగే మారిపోతుంది, మెత్తగా ఉన్నది మెల్లమెల్లగా కంచులా మోగుతుంది. ఇప్పుడు కీబోర్డు కోసం తయారైన మామూలు మాడ్యూల్‌లో శాక్సోఫోన్ టోన్ పెట్టి కంట్రోలర్‌తో ఊదు. కీబోర్డులో మెత్తగా నొక్కితే ఒక రికార్డింగ్, గట్టిగా నొక్కితే ఇంకో రికార్డింగ్ మోగేలా ఆ టోన్‌ను కట్టి ఉంటారు, ఏది మోగాలో స్వరం మొదలైన క్షణంలోనే తేలిపోతుంది. ఆ తర్వాత నువ్వు ఎంత ఊదినా ఎంత తగ్గించినా మారేది వాల్యూమ్ ఒక్కటే. గట్టిగా ఊదిన శాక్సోఫోన్‌ను ఎవరో రేడియో బటన్ తిప్పి తగ్గించినట్టు వినిపిస్తుంది. వినేవాళ్లకు కారణం తెలియకపోవచ్చు కానీ "ఏదో కీబోర్డులా ఉందే" అంటారు. ఆ మాట నేను చాలాసార్లు పడ్డాను, చాలా బాధపడ్డాను కూడా.

ఊపిరికీ టోన్‌కూ ఎవరో సంబంధం కుదర్చాలి. లోపలే టోన్లు ఉన్న వాయిద్యంలో ఆ పని కంపెనీవాళ్లు చేసి ఇస్తారు. ఎంత ఊదితే టోన్ ఎంత విచ్చుకోవాలి, నాలుకతో కొడితే స్వరం ఎలా మొదలవ్వాలి, మౌత్‌పీస్ కొరికితే పిచ్ (స్వరం ఎత్తు) ఎంత మారాలి, ఇవన్నీ ఆ సెన్సర్‌కే సరిపోయేలా సర్ది ఉంటాయి. బయటి మాడ్యూల్ తెచ్చుకుంటే ఆ సంబంధం కుదిర్చే పెద్దరికం నీది. అది తెలిసి చేస్తే చాలా గొప్పగా ఉంటుంది, తెలియకుండా చేస్తే నెలల తరబడి తల పట్టుకుంటావు.

ఇది మొదటి నుంచీ ఉన్న విషయమే. నైల్ స్టైనర్ రూపొందించిన విండ్ వాయిద్యాన్ని అకాయ్ కంపెనీ 1987లో ఈడబ్ల్యూఐ-1000 పేరుతో తెచ్చినప్పుడు దాంట్లో టోన్లు లేవు, ఈడబ్ల్యూవీ-2000 అనే మాడ్యూల్‌ను దానికి జంటగా చేశారు. రెంటి మధ్య వెళ్లింది మిడి కేబుల్ కాదు, వాటికే ప్రత్యేకమైన కేబుల్, ఊపిరి మార్పు మెట్లు మెట్లుగా కాకుండా నేరుగా అవతలికి చేరేది. యమహావాళ్లు కూడా 1996లో వీఎల్70-ఎం మాడ్యూల్ తెచ్చినప్పుడు తమ విండ్ కంట్రోలర్లు గుచ్చడానికి దాని మీద ప్రత్యేకంగా ఒక సాకెట్ పెట్టారు. బయటి మాడ్యూల్ బాగా పలికిన ప్రతిచోటా ఆ జంటను ఎవరో ఆలోచించి కలిపారు. ఇవాళ మనం ఒక కంపెనీ కంట్రోలర్, ఇంకో కంపెనీ మాడ్యూల్ తెచ్చి మామూలు మిడి కేబుల్‌తో కలుపుతాం కాబట్టి మధ్యలో ఏం పోతుందో తెలిసి ఉండాలి.

మిడి 1983లో వచ్చింది, ప్రధానంగా కీబోర్డులను దృష్టిలో పెట్టుకుని. అందులో ఊపిరిని మోసే కంట్రోల్ నంబర్ 2కు మామూలుగా 128 మెట్లే. పది సెకన్లపాటు ఒకే స్వరాన్ని సున్నా నుంచి పైకి తీసుకెళ్లినప్పుడు మాడ్యూల్ ఆ మెట్లను నున్నగా చేయకపోతే పెద్ద స్పీకర్లలో సన్నని గరగర వినిపిస్తుంది. ఐదు పిన్నుల కేబుల్ వేగం సెకనుకు 31,250 బిట్లు, అంటే మూడు బైట్ల సందేశం ఒక్కటి వెళ్లడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. చాలామంది ఏం చేస్తారంటే, ఏది పనిచేస్తుందో తెలియక కంట్రోలర్‌లో బ్రెత్, వాల్యూమ్, ఎక్స్‌ప్రెషన్ మూడూ ఆన్ చేసి వదిలేస్తారు. అప్పుడు ఊపిరి కదిలిన ప్రతిసారీ మూడు సందేశాలు ఒకదాని వెనక ఒకటి క్యూ కడతాయి, వాటి వెనక పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే సందేశం) ఇరుక్కుంటుంది. వేగంగా వాయిస్తున్నప్పుడు చేతికి ఏదో బరువు తగిలినట్టు ఉంటుంది. అందుకని ఒక్కటే ఆన్‌లో ఉంచు, మిగతావి ఆపెయ్. చాలామంది "మాడ్యూల్ స్లో" అనేది దీన్నే.

ఇక గమకం. మనకు అసలైన పరీక్ష ఇదే, పాశ్చాత్య సంగీతం వాయించేవాళ్ల వీడియోలు ఎన్ని చూసినా ఇది తెలియదు. తోడి తీసుకో. గాంధారాన్ని నిలువుగా పట్టుకుంటే అది తోడి కాదు, రిషభం నుంచి మధ్యమం దాకా ఊగాలి. శుద్ధ రిషభానికీ శుద్ధ మధ్యమానికీ మధ్య నాలుగు స్వరస్థానాల దూరం. వేలు రిషభం మీద ఉంచి బొటనవేలితో పిచ్ బెండ్ చేస్తే పైకి నాలుగు సెమిటోన్లు, అంటే ఆ నాలుగు స్వరస్థానాలు, వెళ్లాలి. కానీ దాదాపు ప్రతి మాడ్యూల్‌లోనూ పిచ్ బెండ్ మొదట ఉండేది రెండు సెమిటోన్లకే. రెండు అంటే రిషభం నుంచి సాధారణ గాంధారం దగ్గర ఆగిపోతుంది, మధ్యమాన్ని తాకదు. కొందరు మార్చడానికి భయపడతారు, విస్తారం పెంచితే పిచ్ మెట్లు మెట్లుగా వినిపిస్తుందేమో అని. ఆ భయం అక్కర్లేదు. పిచ్ బెండ్‌కు 16,384 మెట్లున్నాయి, పైకి సగం అనుకున్నా, పన్నెండు సెమిటోన్లకు పెట్టినా ఒక్కో సెమిటోన్‌కు 680కి పైగా మెట్లు వస్తాయి, ఏ చెవికీ దొరకవు. ఇబ్బంది మన బొటనవేలితోనే వస్తుంది, పన్నెండుకు పెడితే వేలు కొంచెం కదిలినా స్వరం ఎక్కడికో పోతుంది. నేను నాలుగుకు పెట్టుకుంటాను.

దీని గురించి చిత్తూరులో జరిగింది చెప్పాలి. ఎదుర్కోలు సమయం, తోడి ఆలాపన ఎత్తుకున్నాను, డోలు విద్వాంసుడు పక్కనే ఉన్నాడు. మధ్యలో కరెంటు పోయింది, జనరేటర్ అందుకోవడానికి నాలుగైదు సెకన్లు పట్టింది. నా చేతిలోని కంట్రోలర్ బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి దానికేమీ కాలేదు. మాడ్యూల్ మాత్రం ఆగి మళ్లీ మొదలైంది. టోన్ అదే వచ్చింది, సరే అని వాయించడం కొనసాగించాను. గాంధారం దగ్గరికి వచ్చేసరికి ఏదో తేడా. ఊపు సగమే వస్తోంది, ఎంత నొక్కినా మధ్యమం అందడం లేదు. డోలు ఆయన తల తిప్పి నా వైపు చూశాడు, ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. జరిగిందేమిటంటే, బెండ్‌ను నాలుగుకు మార్చాను కానీ ఆ మార్పును టోన్‌తో పాటు మాడ్యూల్‌లో సేవ్ చేయలేదు. మళ్లీ ఆన్ అయ్యేసరికి అది రెండుకు వెళ్లిపోయింది. వెంటనే తోడి ముగించి మోహనానికి మారాను, మోహనంలో అంత ఊపు అక్కర్లేదు కాబట్టి గట్టెక్కాను. ఆ రాత్రే ప్రతి టోన్‌లోనూ బెండ్ సేవ్ చేశాను, తర్వాతి వారం చిన్న యూపీఎస్ కొన్నాను. లోపల టోన్లు ఉండి బ్యాటరీతో నడిచే వాయిద్యమైతే ఆ రోజు నాకు ఏమీ జరిగేది కాదు. మన మండపాల్లో కరెంటు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

జారు కూడా ఇలాంటిదే. కొన్ని అకాయ్ ఈడబ్ల్యూఐలలో ఎడమ బొటనవేలి దగ్గర గ్లైడ్ కోసం పట్టీ ఉంటుంది, దాన్ని తాకితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. లోపలి టోన్లతో అయితే వెంటనే పలుకుతుంది. బయటి మాడ్యూల్‌కు వెళ్లేసరికి ఆ మాడ్యూల్‌కు పోర్టమెంటో (జారు) సందేశాలు అర్థం కావాలి, టోన్ మోనో పద్ధతిలో (ఒకసారికి ఒకే స్వరం) ఉండాలి, లెగాటో (స్వరాలను తెంపకుండా కలపడం) ఆన్‌లో ఉండాలి. లెగాటో లేకపోతే ప్రతి స్వరం కొత్తగా నాలుకతో కొట్టినట్టు మొదలవుతుంది, నువ్వు ఒకే ఊపిరిలో వేగంగా వేసిన సంగతి టైపు మిషన్ కొట్టినట్టు ఉంటుంది. కొనేముందు ఈ మూడూ ఉన్నాయో లేదో మాన్యువల్‌లో చూడు, మాన్యువల్ నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

శ్రుతి విషయం ఒక్క మాట. కంట్రోలర్‌లోనూ ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే సెట్టింగ్) ఉంటుంది, మాడ్యూల్‌లోనూ ఉంటుంది. ఒక్కచోటే మార్చు, రెండోది ఎప్పుడూ సున్నా దగ్గర ఉంచు. నాదస్వరంతో కలిసి వాయించేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. గాలి వేడెక్కితే ఊదే వాయిద్యం శ్రుతి పెరుగుతుంది, లెక్క ప్రకారం డిగ్రీకి దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే సెమిటోన్‌లో నూరో వంతు). మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో తెల్లవారుజామున కలిసిన శ్రుతి పదకొండు గంటలకు కలవదు. ఎలక్ట్రానిక్ వాయిద్యం మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది. కాబట్టి ఫైన్ ట్యూన్ ఎక్కడుందో కళ్లు మూసుకుని వెతుక్కోగలగాలి. లోపలి టోన్లయితే చేతిలోని వాయిద్యంలోనే మార్చుకుంటావు, మాడ్యూల్ అయితే వంగి పెట్టెలో మార్చాలి.

ఇంత చెప్పి, మరి నేను మాడ్యూల్ ఎందుకు ఉంచుకున్నాను అని అడుగుతావు. అడగాలి కూడా.

నా దగ్గర పాత వీఎల్70-ఎం ఉంది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అది రికార్డింగ్‌లను వినిపించదు, రీడ్ ఎలా అదురుతుంది, గొట్టంలో గాలి ఎలా ముందుకూ వెనక్కూ తిరుగుతుంది అన్నదాన్ని ఎప్పటికప్పుడు లెక్కగట్టి శబ్దం పుట్టిస్తుంది. ఫిజికల్ మోడలింగ్ అంటారు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జరిగిన పరిశోధనను తీసుకుని యమహా 1994లో వీఎల్1 అనే పెద్ద సింథ్‌గా తెచ్చింది, ఆ కుటుంబంలోదే ఇది. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, మనకు కావలసింది కూడా అదే. ఊపిరి మరీ తక్కువగా ఉంటే స్వరం పలకనా వద్దా అన్నట్టు ముందు గాలి చప్పుడు వస్తుంది, తర్వాత స్వరం పట్టుకుంటుంది. కొన్ని టోన్లలో ఊపిరి దాటించి కొడితే పై స్థాయికి ఎగురుతుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లేటప్పుడు మధ్యలో చిన్న తడబాటు ఉంటుంది చూడు, నిజమైన వెదురులో, లోహంలో ఉండేది, అది దీంట్లో ఉంటుంది. రికార్డింగ్‌లతో చేసిన టోన్ ఎంత ఖరీదైనదైనా శుభ్రంగా మొదలై శుభ్రంగా ముగుస్తుంది. ముఖారి లాంటి రాగాన్ని తీరిగ్గా, మెల్లగా వాయించేటప్పుడు ఆ తడబాటే రాగానికి కంఠం ఇస్తుంది. తెల్లవారుజామున ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముఖారి వాయించిన మొదటి రోజు నేను వాయిద్యం పక్కన పెట్టలేకపోయాను, స్నానానికి కూడా ఆలస్యమైంది.

కానీ చూడు, ఆ తేడా నాకు వినిపించింది అప్పటికి నాలుగేళ్లు లోపలి టోన్లతోనే వాయించి, వాటిలో ఏది దొరకడం లేదో తెలిశాకే. మొదటి రోజే కొని ఉంటే దాన్ని సర్దుకోవడం తెలియక అమ్మేసేవాణ్ని. పైగా అది ఇప్పుడు తయారు కావడం లేదు, పాతది వెతుక్కోవాలి, వారంటీ ఉండదు. పాత మాడ్యూల్ ఏది కొన్నా ముందు బ్యాకప్ బ్యాటరీ సంగతి అడుగు, అది అయిపోతే నువ్వు కష్టపడి సర్దుకున్న టోన్లన్నీ చెరిగిపోతాయి.

ఐప్యాడ్ మీద స్వామ్ అనే యాప్‌ల టోన్లు వాడొచ్చు కదా అని నువ్వు రాసిన మాట బాగుంది. అవీ మోడలింగ్ పద్ధతివే, ఊపిరికి చాలా బాగా పలుకుతాయి, రికార్డింగ్‌కు నేను వాటినే వాడతాను. పెళ్లికి మాత్రం తీసుకెళ్లను. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీయే చెబుతుంది, మన షామియానాల కింద ఏప్రిల్‌లో ఎంత ఉంటుందో నీకు తెలుసు. తీసుకెళ్లక తప్పకపోతే వైర్లతోనే కలుపు. బ్లూటూత్ స్పీకర్‌కు అసలు కలపొద్దు, నువ్వు ఊదిన స్వరం తాళం దాటాక వినిపిస్తుంది. శబ్దం మీటరు దూరం రావడానికి 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి పది మిల్లీసెకన్ల ఆలస్యం అంటే మూడు మీటర్ల అవతల స్పీకర్ ఉన్నట్టు, దానికి అలవాటు పడొచ్చు. బ్లూటూత్ ఆడియోలో అది వంద దాటిపోతుంది.

వాయిద్యానికి ఉండే చిన్న స్పీకర్‌ను చూసి మురిసిపోకు. డోలు పక్కన అది వినిపించదు. ఇంట్లో సాధనకు చాలు. మండపంలో లైన్ అవుట్ నుంచి డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపోయేలా మార్చే చిన్న పెట్టె), అక్కడి నుంచి మిక్సర్. డీఐ బాక్స్ నువ్వే కొనుక్కుని సంచిలో పెట్టుకో, సౌండ్ సిస్టమ్ అతని దగ్గర ఉంటుందని అనుకోవద్దు.

అక్క సంగతి. వీణ వాయించే చేతికి మామూలు కీబోర్డు ఇస్తే ఊపిరాడదు, తీగ లాగే అలవాటు కదా. లిన్‌స్ట్రుమెంట్ అని రోజర్ లిన్ చేసినది ఒకటుంది, 200 గళ్లుంటాయి, వేలు పక్కకు జరిపితే ఆ ఒక్క స్వరమే జారుతుంది, కానీ దాంట్లో టోన్లు లేవు. ఆస్మోస్ అనే 49 కీల కీబోర్డు ఉంది, కీని పక్కకు ఊపితే పిచ్ కదులుతుంది, దాంట్లో ఈగన్‌మ్యాట్రిక్స్ అనే టోన్ ఇంజన్ లోపలే ఉంది. ఇలాంటి వాటిలో ఒక్కో స్వరం ఒక్కో మిడి ఛానల్‌లో వెళుతుంది, ఎంపీఈ అంటారు, 2018లో ప్రమాణంగా ఒప్పుకున్నారు. ఆ పద్ధతి తెలియని మాడ్యూల్‌కు కలిపితే అంతా గందరగోళమే, పైగా ఎంపీఈలో బెండ్ మామూలుగా 48 సెమిటోన్లు, అవతల రెండే ఉంటే అక్క వేలు ఎంత జరిపినా స్వరం కదలనట్టే ఉంటుంది. కాబట్టి ఆమె విషయంలో లోపలే టోన్లు ఉండడం నీకంటే ఇంకా ముఖ్యం. అయితే ఖరీదు ఎక్కువ, తొందరపడి ఆర్డర్ చేయొద్దు, చేత్తో ముట్టుకుని చూశాకే.

ఒక్క సందర్భంలో నా సలహా తిరగేస్తాను. నువ్వు స్టేజీ మానేసి ఇంట్లో రికార్డింగ్ మాత్రమే చేస్తానంటే, టోన్లు లేని ఈడబ్ల్యూఐ యూఎస్‌బీ లాంటిది తీసుకుని కంప్యూటర్‌కు కలుపుకో, డబ్బు మిగులుతుంది. నీ ప్రశ్నలో ఆ మాట లేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

చెన్నై షాపుకు వెళ్లేటప్పుడు నీ హెడ్‌ఫోన్స్, ఫోన్‌లో శ్రుతి పెట్టె తీసుకెళ్లు. షాపువాళ్లు ముందుగా పెట్టి ఇచ్చే పెద్ద ఎకో ఆపెయ్యమను, ఎకో ఉంటే ఏ టోన్ అయినా బాగానే ఉంటుంది. షడ్జమం ఒక్కటే పట్టుకుని వినిపించీ వినిపించనట్టు మొదలుపెట్టి పది సెకన్లు పైకి, పది సెకన్లు కిందికి ఊదు. రంగు మారుతోందా, వాల్యూమ్ ఒక్కటే మారుతోందా విను. తర్వాత జంట స్వరాలు నాలుకతో వేగంగా కొట్టు, ఏదైనా స్వరం మింగేస్తోందేమో చూడు. తోడి గాంధారం ఊపు. పై షడ్జమం నుంచి కింది పంచమానికి జారు. ఇరవై నిమిషాలు వాయించాక బొటనవేళ్లు నొప్పి పెడుతున్నాయా చూసుకో, శాక్సోఫోన్‌లా కీలు నొక్కే పని లేకుండా తాకితేనే పలికే మోడళ్లు ఉంటాయి, వేళ్లు ఆనించి పెట్టుకునే నీ అలవాటుకు అవి మొదట్లో తప్పు స్వరాలు పలుకుతాయి, దానికి నెల రోజులు సమయం ఇవ్వాలి. చివరగా మిడి అవుట్ ఐదు పిన్నులదా, యూఎస్‌బీ మాత్రమేనా అడుగు. పాత మాడ్యూళ్లకు ఐదు పిన్నులది కావాలి, యూఎస్‌బీ ఒక్కటే ఉంటే మధ్యలో ఇంకో పెట్టె కొనాల్సి వస్తుంది.

కొన్నాక ఒకసారి తిరుపతి రా. నా మాడ్యూల్, ఐదు పిన్నుల కేబుల్ రెండూ సిద్ధంగా ఉంచుతాను, ముఖారి నీ వాయిద్యంలోని టోన్‌తో ఒకసారి, వీఎల్‌తో ఒకసారి వాయించి చూద్దువు. ఉదయం ఆరులోపు అయితే మంచిది, తర్వాత మా వీధిలో బస్సుల రొద మొదలవుతుంది.